తిప్పుడు బంతి దారి: నాగపూర్, హైదరాబాద్, బస్తర్

1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో రంజీ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బొంబాయికీ ఇండోర్ సంస్థానపు జట్టు హోల్కర్‌కూ పోటీ. హోల్కర్ తరఫున సి.ఎస్. నాయుడు అనే లెగ్ స్పిన్నర్ మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేశాడు. మొత్తం 917 బంతులు. తీసినవి 11 వికెట్లు, ఇచ్చినవి 428 పరుగులు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఒకే మ్యాచ్‌లో ఒక్కడు అన్ని బంతులు వేయడం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. బొంబాయి 462, 764 పరుగులు చేస్తే హోల్కర్ 360, 492 చేసి 374 పరుగుల తేడాతో ఓడింది. విజయ్ మర్చంట్ 278, డెనిస్ కాంప్టన్ అజేయంగా 249 చేసిన ఆ మ్యాచ్‌ను బ్యాట్స్‌మెన్ పండుగగానే చెప్పుకుంటారు. 917 సార్లు మణికట్టు తిప్పిన మనిషి వేళ్లు ఆ రాత్రి ఎలా ఉన్నాయో ఏ పుస్తకమూ రాయలేదు.

ఆ వేళ్లు ఒక తెలుగు కుటుంబానివి. నాగపూర్‌లో స్థిరపడిన ఆ ఇంట్లోనే 1895లో సి.కె. నాయుడు, 1914లో సి.ఎస్. పుట్టారు. అన్న 1926లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేసి, 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు జట్టుకు నాయకుడయ్యాడు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీలోకి అడుగుపెట్టినప్పుడు యాభై ఏళ్లు పైబడిన వయసులో దాన్నీ నడిపించాడు. తమ్ముడి పేరు మనవాళ్లకు అంతగా తెలియదు. 174 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 647 వికెట్లు తీసిన ఆయనకు 11 టెస్టుల్లో దక్కినవి రెండే. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ప్రతిభ ఒక్కదానితో కొలవలేం. స్పిన్ బౌలర్ చరిత్ర చెప్పాలంటే చేతితో పాటు ఆ చేతిలోని బంతి గురించీ, అది పడిన నేల గురించీ చెప్పాలి.

అప్పట్లో నాగపూర్ సెంట్రల్ ప్రావిన్సెస్ రాజధాని. రాయపూర్, బిలాస్‌పూర్ ఆ పాలన కిందే ఉండేవి. రాయపూర్‌కు దక్షిణాన, గోదావరి దిక్కుగా పరుచుకున్న అడవి సీమ బస్తర్ సంస్థానం. వరంగల్ కాకతీయుల వంశమని చెప్పుకునే రాజులు దాన్ని ఏలారు. సంస్థానాల పిల్లల కోసం ఇంగ్లీషువాళ్లు రాయపూర్‌లో నడిపిన రాజ్‌కుమార్ కాలేజీలోనే బస్తర్ రాజు రుద్రప్రతాప్ దేవ్ చదువుకున్నాడు. అలాంటి కాలేజీల చదువులో క్రికెట్ ఒక భాగం. కానీ ఆ ఆట రాజుల బడి గోడ దాటి బస్తర్ రాజధాని జగదల్‌పూర్ సంతకు, అక్కణ్నుంచి కోయ, హల్బా పల్లెలకు చేరడానికి చాలా కాలం పట్టింది. చేరినప్పుడు కూడా తోలు బంతి రాలేదు. రబ్బరు బంతి, టెన్నిస్ బంతి వచ్చాయి.

ఈ తేడాను పైపైన చూసి వదలకూడదు. స్పిన్ సంగతంతా ఇందులోనే ఉంది.

నిబంధనల ప్రకారం పురుషుల క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. లోపల బెండు గుండ్రం, దాని చుట్టూ బిగించిన నూలు, పైన పటికతో పదును చేసిన తోలు. తోలు ముక్కలను కలుపుతూ నడిమధ్య ఆరు వరుసల కుట్టు ఉంటుంది. స్పిన్నర్ పట్టుకునేది ఈ కుట్టునే. ఆఫ్ స్పిన్నర్ చూపుడు వేలి పైకణుపును కుట్టుకు అడ్డంగా ఆనించి, తలుపు గుబ్బ తిప్పినట్టు తిప్పి వదులుతాడు. లెగ్ స్పిన్నర్ ఉంగరపు వేలితో కుట్టును లాగుతూ, మడిచిన మణికట్టును విప్పుతాడు. వేలి బలానికి మణికట్టు తోడవుతుంది కనుక మణికట్టు స్పిన్నర్ చేతిలోంచి బంతి సాధారణంగా ఎక్కువ చుట్లు తిరుగుతూ వెళ్తుంది. బాగా తిప్పేవాళ్ల బంతి నిమిషానికి రెండు వేల చుట్లు దాటుతుంది. కానీ మణికట్టు కీలు వదులైన కొద్దీ గురి నిలపడం కష్టం. సి.ఎస్. నాయుడు 428 పరుగులు ఇచ్చాడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. లెగ్ బ్రేక్ వేసేవాడు ఆ వెల కట్టే వికెట్ కొంటాడు.

వదిలే కోణం మారితే బంతి నడత మారుతుంది. చక్రం దొర్లినట్టు ముందుకు తిరిగే బంతి గాలిలో బ్యాట్స్‌మన్ అనుకున్నదానికంటే ముందే కిందికి దిగుతుంది. తిరిగే అక్షం కాస్త వాలితే గాలిలో పక్కకు జరుగుతుంది. తిరిగే వస్తువు తన చుట్టూ గాలిని ఒక పక్కకు మళ్లించడం వల్ల ఇలా జరుగుతుందని 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ వివరించాడు. ఇక నేల తాకాక అసలు మలుపు కుట్టుదే. పైకి లేచిన కుట్టు మట్టిని కరిస్తే బంతి గట్టిగా తిరుగుతుంది. నున్నని తోలు మీద పడితే జారి నేరుగా వెళ్తుంది. అందుకే ఒకే చేయి, ఒకే తిప్పుడు, రెండు రకాల బంతులతో రెండు వేర్వేరు ఫలితాలు ఇస్తుంది.

మన దేశంలో ఆ కుట్టు చరిత్ర ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్‌లో మొదలవుతుంది. విభజనకు ముందు క్రీడా సామగ్రికి ఆ ఊరే కేంద్రం. ఇప్పుడు భారత టెస్టుల్లో వాడే ఎస్.జి. బంతి తయారుచేసే సంస్థ 1931లో అక్కడే పుట్టింది. విభజన తర్వాత అక్కణ్నుంచి వచ్చిన వ్యాపారులు, కుట్టు పనివాళ్లు జలంధర్, మీరట్‌లలో కుదురుకున్నారు. మీరట్ బంతికి ఆరు వరుసలూ చేత్తోనే కుడతారు. ఆస్ట్రేలియా కూకబుర్రా బంతికి లోపలి రెండు వరుసలే చేతికుట్టు, మిగతావి యంత్రం పని. చేతికుట్టు బిగువుగా, పైకి లేచి ఉంటుంది, ఎక్కువ ఓవర్లు నిలుస్తుంది. భారత్‌లో స్పిన్నర్లు ఇన్ని వికెట్లు తీస్తారెందుకని అడిగితే అందరూ పిచ్ మట్టిని చూపిస్తారు. మీరట్ కార్మికుడి సూదినీ చూపించాలి. 2018లో విరాట్ కోహ్లీ ఎస్.జి. బంతి నాణ్యత తగ్గిందని బాహాటంగా అన్నప్పుడు అది ఆటగాడి అలక అనుకున్నవాళ్లున్నారు. కుట్టు తొందరగా అణిగిపోతే స్పిన్నర్ బతుకు ఏమవుతుందో తెలిసినవాళ్లు అలా అనుకోలేదు.

సి.ఎస్. నాయుడు తర్వాతి తెలుగు నేల స్పిన్ కథకు హైదరాబాద్ కేంద్రమయింది. 1922లో పుట్టిన గులాం అహ్మద్ పొడగరి, వేలితో తిప్పే ఆఫ్ స్పిన్నర్. ఆయన ఆడిన రోజుల్లో దేశంలో చాలా మైదానాల్లో పచ్చిక పిచ్ లేదు. గట్టి నేల మీద కొబ్బరి పీచు చాపో, జనపనార చాపో బిగించి ఆడేవారు. చాప మీద బంతి బాగా లేస్తుంది, పీచు కుట్టును పట్టుకుంటుంది. కొంచెం తిప్పినా చాలు. కానీ చాప రోజంతా ఒకేలా ఉంటుంది. పచ్చిక పిచ్ మాదిరి ఎండి, పగిలి, నాలుగో రోజు స్పిన్నర్‌కు లొంగదు. కాబట్టి చాప మీద పెరిగినవాడికి మలుపు తేలిగ్గా దొరికినా, వికెట్ కావాలంటే వేగం, ఎత్తు, వదిలే చోటు మార్చడం నేర్చుకోక తప్పదు.

గులాం అహ్మద్ ఓపికకు గుర్తు ఇండోర్‌లోనే ఉంది. 1950-51 రంజీలో హోల్కర్ మీద హైదరాబాద్ ఆడిన మ్యాచ్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 92.3 ఓవర్లు వేశాడు. 555 బంతులు, 245 పరుగులు, 4 వికెట్లు. 1957లో ఎడ్జ్‌బాస్టన్‌లో వెస్టిండీస్ స్పిన్నర్ రామదీన్ 588 బంతులు వేసేదాకా ఒక ఇన్నింగ్స్‌లో అదే రికార్డు. మ్యాచ్ మొత్తానికి సి.ఎస్. నాయుడి 917, ఇన్నింగ్స్‌కు గులాం అహ్మద్ 555. హోల్కర్ కోసం ఒకరు, హోల్కర్ మీద ఇంకొకరు. పరుగుల వరద పారిన ఆ కాలంలో బరువంతా మోసినవాళ్లు వీళ్లిద్దరూ.

1955 నవంబరులో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో తొలి టెస్టు జరిగింది. న్యూజిలాండ్ మీద భారత నాయకుడు గులాం అహ్మదే. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులతో భారత్‌కు తొలి టెస్టు డబుల్ సెంచరీ తెచ్చాడు, సుభాష్ గుప్తే ఒక ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో ఆస్ట్రేలియా మీద గులాం అహ్మద్ 49 పరుగులకు 7 వికెట్లు పడగొట్టాడు. 22 టెస్టుల్లో 68 వికెట్లతో ఆయన ఆట ముగించాడు.

ఆ తరువాత హైదరాబాద్ చూసిన వింత ముంతాజ్ హుస్సేన్. 1966-67లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున రోహింటన్ బారియా ట్రోఫీలో 48 వికెట్లు తీసిన ఎడమచేతి బౌలర్. వేలితో తిప్పేదీ మణికట్టుతో తిప్పేదీ ఒకే చేతి కదలికతో వేసేవాడు. బంతి నేల తాకేదాకా ఎటు తిరుగుతుందో బ్యాట్స్‌మన్‌కు తెలిసేది కాదు. విచారమేమంటే పెద్ద క్రికెట్‌లోకి వచ్చాక మామూలు ఎడమచేతి స్పిన్ మాత్రమే వేయమన్నారు. ఆ వింత బంతులు మళ్లీ పెద్దగా కనబడలేదు. భారత జట్టు పిలుపు రాలేదు. హైదరాబాద్ క్రికెట్ గురించి రాసేటప్పుడు ఓడిన మ్యాచ్‌ల కంటే ముందు ఈ నష్టం గురించి రాయాలి. వదిలే పద్ధతిలో కొత్తదనం చూపినవాడిని నమ్మని చోట కొత్త స్పిన్ పుట్టదు.

ఆ తర్వాత వరస పెద్దదే. శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు తీశాడు. అర్షద్ అయూబ్ 1988లో న్యూజిలాండ్ మీద మూడు టెస్టుల్లో 21. లెగ్ స్పిన్ వేసే ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో 1986-87లో హైదరాబాద్ రెండోసారి రంజీ గెలిచింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు 1990 నవంబరులో చండీగఢ్‌లో శ్రీలంక మీద 17.5 ఓవర్లు వేసి, అందులో 13 మెయిడెన్లు చేసి, 12 పరుగులకే 6 వికెట్లు తీశాడు.

రాజు దగ్గర ఈ కథ ఛత్తీస్‌గఢ్ వైపు తిరుగుతుంది. 1993 జనవరిలో కలకత్తా టెస్టులో భారత్ ముగ్గురు స్పిన్నర్లతో దిగింది: కుంబ్లే, రాజు, రాజేశ్ చౌహాన్. చౌహాన్ భిలాయ్ వాడు, అప్పటి మధ్యప్రదేశ్ జట్టు ఆఫ్ స్పిన్నర్. ఇంగ్లండ్ 0-3తో ఓడిన ఆ సిరీస్‌లో ముగ్గురివీ మూడు రకాల వదిలే పద్ధతులు. కుంబ్లేది ఎత్తు నుంచి వేగంగా దూకే లెగ్ బ్రేక్, రాజుది గాలిలో తేలే ఎడమచేతి బంతి, చౌహాన్‌ది కుడిచేతి వేలి తిప్పుడు. చౌహాన్ ఆడిన 21 టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ భారత్ ఓడలేదు. భిలాయ్ దాకా వచ్చిన తోలు బంతి ఇంకో మూడు వందల కిలోమీటర్లు దక్షిణానికి రావడానికి మాత్రం ఎందుకో ఆగిపోయింది.

జగదల్‌పూర్ నుంచి రాయపూర్ ఎంత దూరమో విశాఖపట్నమూ సుమారు అంతే. బస్తర్‌లోని బైలాడీలా కొండల ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి కొత్తవలస–కిరండుల్ రైలు మార్గాన విశాఖ రేవుకు దిగుతోంది. అదే రైలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాలు కిరండుల్, బచేలీ కాలనీల్లో స్థిరపడ్డాయి. ఖనిజానికి దారి దొరికినంత తేలిగ్గా ఆటకు దొరకలేదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినా, దాని క్రికెట్ సంఘానికి బి.సి.సి.ఐ. పూర్తి సభ్యత్వం 2016లోగానీ రాలేదు. 2016-17లో ఆ రాష్ట్రం తొలిసారి రంజీ ఆడింది. అంతవరకూ బస్తర్ పిల్లవాడికి రంజీ కల అంటే ఇండోర్, భోపాల్ దాకా పోయి నిలబడాలి.

బస్తర్‌లో తిప్పే విద్యకు కొదవ ఉందా అంటే లేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో భౌంరా ఆడని బాల్యం అరుదు. మన బొంగరమే అది: గట్టి చెక్క, కింద మేకు, చుట్టూ బిగించిన తాడు. 2022 అక్టోబరులో మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో గిల్లీ దండా, గోళీలాటతో పాటు దీన్నీ పోటీగా పెట్టారు. భౌంరా ఆడే పిల్లవాడికి చెక్క బరువెంతో, తాడు ఎన్ని చుట్లు చుట్టాలో, విసిరి వెనక్కి లాగే క్షణంలో మణికట్టు ఎటు మళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. తేలిక చెక్కయితే త్వరగా తిరిగి త్వరగా పడిపోతుందని, బరువు అంచుల్లో ఉంటే ఎక్కువసేపు నిలుస్తుందని వాడి చేతికి తెలుసు. లెగ్ స్పిన్ శిక్షకుడు ఏడాది పాటు చెప్పే పాఠంలో సగం ఇదే.

ఇక బంతి సంగతి. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59 గ్రాములు, అంటే క్రికెట్ బంతిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. లోపల డొల్ల, పైన నూగు. తేలిక కాబట్టి వేళ్లతో మీటినా గిర్రున తిరుగుతుంది, బరువు తక్కువ కాబట్టి గాలి దాన్ని ఎక్కువగా పక్కకు తోస్తుంది. నేలను తాకినప్పుడు చదునుగా నొక్కుకుని పట్టు దొరకబుచ్చుకుంటుంది. రబ్బరు బంతికి నూగు లేకపోయినా నేలతో రాపిడి ఎక్కువ. ఈ రెండింటికీ కుట్టు లేదు. వాటితో ఆడేవాడు మలుపంతా తన వేళ్లలోంచే తీయాలి.

దీన్ని తక్కువ రకం ఆటగా చూసేవాళ్లు చరిత్ర మరిచిపోతున్నారు. లెగ్ బ్రేక్‌లా కనబడి ఎదురు దిక్కుకు తిరిగే గూగ్లీ పుట్టింది తోలు బంతితో కాదు. 1897 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో బోసాంక్వెట్ అనే విద్యార్థి బల్ల మీద టెన్నిస్ బంతిని దొర్లిస్తూ, ఎదుటివాడికి అందకుండా తిప్పే ఆట ఆడుతూ దాన్ని కనిపెట్టాడు. 1900లో లార్డ్స్‌లో మొదటిసారి మ్యాచ్‌లో వాడితే, నాలుగు సార్లు నేల తాకిన బంతికి లెస్టర్‌షైర్ బ్యాట్స్‌మన్ 98 పరుగుల దగ్గర స్టంప్ అయ్యాడు. సి.ఎస్. నాయుడు వేసిన గూగ్లీకి మూలం ఆ బల్లే. ఆస్ట్రేలియా సైనికుడు జాక్ ఐవర్సన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో న్యూగినీ శిబిరంలో పింగ్‌పాంగ్ బంతిని నడివేలితో మీటుతూ కొత్త పట్టు కనిపెట్టి, 1950-51లో ఇంగ్లండ్‌ను తికమక పెట్టాడు. మన అశ్విన్ వేలితో మీటి వేసే క్యారమ్ బాల్‌కు మూలం చెన్నై వీధుల టెన్నిస్ బంతి ఆట. కొత్త వదిలే పద్ధతులు తేలిక బంతుల మీద పుట్టాయి, తోలు బంతి మీద పరీక్షకు నిలిచాయి.

ఈ రెండో మెట్టు దగ్గరే బస్తర్ ఆగిపోతోంది. 2020 జనవరి 1న సచిన్ టెండూల్కర్ కొత్త ఏడాది శుభాకాంక్షలతో ఒక వీడియో పంచుకున్నాడు. అందులో బస్తర్ సీమలోని దంతెవాడ జిల్లాకు చెందిన, నడవలేని ఒక బాలుడు బంతి కొట్టి, నేల మీద పాకుతూ పరుగులు తీస్తున్నాడు. దేశమంతా ఆ పట్టుదలను మెచ్చుకుంది. ఆట మీద అంత ఆకలి ఉన్న చోట బంతి తిప్పే పిల్లలూ ఉంటారు. కానీ టెన్నిస్ బంతితో పదేళ్లు తిప్పిన వేళ్లకు ఒక్కసారిగా 160 గ్రాముల తోలు బంతి ఇస్తే అవి తడబడతాయి. మీటితే తిరగదు, బలమంతా పెడితే గురి పోతుంది, కుట్టు చర్మాన్ని కోస్తుంది. ఎంపిక శిబిరంలో ఒక్క పూట చూసి వీడికి స్పిన్ రాదనడం ఆ పిల్లవాడికి చేసే అన్యాయం. వాడికి రానిది స్పిన్ కాదు, ఆ బరువు అలవాటు.

పల్లె నుంచి స్పిన్నర్ రాలేడన్న మాట నిలవదనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2025 మహిళల ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబైలో కప్పు ఎత్తిన జట్టులో ఉంది. మహిళల క్రికెట్‌లో వాడే బంతి బరువు 140 నుంచి 151 గ్రాములే, చుట్టుకొలతా తక్కువే. చేతికి తగ్గ బంతి ఉండాలన్న ఆలోచనను నిబంధనలే ఒప్పుకున్నాయన్నమాట.

పదమూడేళ్ల లోపు పిల్లలకైతే 133 నుంచి 144 గ్రాముల చిన్న తోలు బంతి ఉంది. చుట్టుకొలత 20.5 నుంచి 22 సెంటీమీటర్లు. చిన్న వేళ్లు కుట్టు మీదుగా చక్కగా చాచుకోగల కొలత అది. బస్తర్ సీమలోని బీజాపూర్, సుక్మా, నారాయణ్‌పూర్ బడులకు ఆట సామగ్రి పంపేవారు పెద్ద బ్యాట్లు, ప్యాడ్‌ల కంటే ముందు పంపవలసింది ఈ బంతులు. వాటితో పాటు ఒక కొబ్బరి పీచు చాప. పచ్చిక పిచ్‌కు నీళ్లు, రోలర్, మాలీ కావాలి. చాపకు నాలుగు మేకులు, చదునైన నేల చాలు. గులాం అహ్మద్ తరం నేర్చుకున్నది దాని మీదే. బస్తర్ పిల్లలు ఇప్పటికే భౌంరా తాడు లాగగలరు, టెన్నిస్ బంతిని మీటగలరు. కుట్టు మీద వేలు ఆనించి ఆ రెండింటినీ కలపడానికి వారికి రెండు మూడు వానాకాలాల సాధన, వదిలే తీరు కొత్తగా ఉంటే దాన్ని సరిదిద్దాలని తొందరపడని ఒక శిక్షకుడు కావాలి.